ఇటుక ముక్క మీద అబ్బా బుల్లెట్

ఒక మాట సూటిగా అడుగుతాను, గుస్సా చేయొద్దు. మీ ఇంటి ముందు పాత బండి ఉందా? దాని సైడ్ స్టాండు కింద ఇటుక ముక్కో, రాయో, చెక్క పేడో ఉందా? ఉంటే ఈ మాటలు మీకే. నాకు కూడా. మా గుమ్మం ముందు ఆరేళ్లు ఇటుక ముక్క ఉంది.

మా అబ్బా బుల్లెట్ 1974 మోడలు. పొదిలి చుట్టుపక్కల ఊళ్లల్లో మిరపకాయల బేరం చేసేవారు అబ్బా. కల్లం నుంచి కల్లానికి ఆ బండి మీదే. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండే పాత కాలం బండి. మా ముగ్గురి చదువులు, అక్క నిఖా, ఈ ఇంటి పైకప్పు అన్నీ దాని చక్రాల మీదే వచ్చాయి. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక బండి మాకు అమానత్‌గా మిగిలింది. అమానత్ అని నోటితో అన్నాం, సరే. చేతులతో ఏం చేశాం? అసలు ప్రశ్న అది.

బండి ఎడమకి ఒరగడం మొదలైంది. మొదట కొంచెం. తర్వాత చూసేవాళ్లకి భయం వేసేంత. ఒక్కోసారి కార్బొరేటర్ నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారేది. రాత్రి పెట్రోలు ట్యాపు కట్టడం మరిచిపోతే పొద్దున్నే వాకిలంతా వాసన. అమ్మీ తిట్టేది. మేము స్టాండు కింద ఇటుక దోపాం. ఇంట్లో అందరూ ‘హో గయా’ అన్నారు.

పోయిన రంజాన్ పండగ నాడు ఈద్గా దగ్గర నమాజు ముగిసింది. జనం అలాయ్ బలాయ్ తీసుకుంటున్నారు. ముందు రోజు చిన్న జల్లు పడి నేల మెత్తగా ఉంది. అక్కడ ఇటుక ఎక్కడిది? స్టాండు పాదం నల్లమట్టిలోకి దిగింది. నూట అరవై కిలోలకు పైబడిన బండి, పక్కన నిలబడ్డ మా అక్క కొడుకు కాలి మీద పడింది. అల్లా దయ, ఎముక విరగలేదు. మడమ వాచి పది రోజులు మంచం మీద ఉన్నాడు. వాడి కొత్త పైజామా మీద రక్తం చూసి అక్క నా వైపు ఒక చూపు చూసింది. ఒక్క మాట కూడా అనలేదు.

మాటలన్నవాళ్లు వేరే. ‘పాతది కదా బేటా, ఒరుగుద్ది’ అన్నారు ఒక పెద్దమనిషి. ‘అమ్మేయ్ మియా, స్కూటీ కొనుక్కో’ అన్నాడు ఒక దోస్తు. ‘ఖిస్మత్’ అంది ఖాలా. ఈ మూడు మాటల మీదే నా కొట్లాట.

వయసు వల్ల బండి ఒరగదు. ఇనుముకి ముసలితనం లేదు, అరుగుదల ఉంది. అరుగుదలకి మరమ్మత్ ఉంది. 2021లో సర్కారు కానూను తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఇంజను, ఛాసిస్ పెద్దగా మారకుండా ఉన్న బండిని వింటేజ్ అని వేరేగా రిజిస్టర్ చేసుకోవచ్చని. ఢిల్లీ వాళ్లు దానికి ఇంత ఇజ్జత్ ఇస్తే, ఇంట్లోవాళ్లం మనం ఇచ్చింది ఇటుక ముక్క.

పండగ మర్నాడు బండిని మిస్త్రీ చాచా దగ్గరికి నెట్టుకుంటూ పోయాను. ‘చాచా, స్టాండు కింద ఒక ముక్క వెల్డింగ్ పెట్టేయండి, పని అయిపోద్ది’ అన్నాను. ఆయన నవ్వలేదు. ‘ముందు మర్జ్ ఏందో చూద్దాం, దవా తర్వాత’ అన్నారు.

సెంటర్ స్టాండు మీద బండి నిలిపి, సైడ్ స్టాండు పట్టుకుని ఊపి నాకు చూపించారు. ఊగే పన్నులా కదిలింది. బోల్టు విప్పితే మధ్యలో అరిగి మెట్టు పడి ఉంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగింది. అక్కడ రెండు మిల్లీమీటర్లు అరిగితే కింద పాదం ఎంతో పక్కకి జరుగుతుంది, బండి అంత పడుకుంటుంది. స్టాండు ముందుకి పోయి ఆగే చోట తట్టు కూడా అరిగింది. అందువల్ల కాలు పోవాల్సిన దానికంటే ముందుకి పోయి, పొట్టిదైపోతోంది.

‘ఎట్లా అరిగింది చాచా?’

‘సైడ్ స్టాండు మీద ఉంచి కిక్కు కొడతారుగా మీరు! మనిషి బరువంతా ఆ ఒక్క బోల్టు మీదే. దాని మీదెక్కి కూర్చుని ఫోన్లు. మీ అబ్బా ఏనాడన్నా అట్లా చేశాడా?’

చేయలేదు. అబ్బా ఎప్పుడూ సెంటర్ స్టాండు వేసే కిక్కు కొట్టేవారు. మేము దాన్ని ముసలివాళ్ల చాదస్తం అనుకున్నాం.

తర్వాత చాచా వెనక షాకబ్జార్బర్ల వైపు వేలు చూపించారు. అక్కడ నాకు షరమ్ వేసింది. మా తమ్ముడు షౌక్ కొద్దీ ఎత్తు షాకులు, లావు టైరు వేయించాడు. ఫొటోల్లో శాన్‌గా ఉంటుందని. బండి వెనక ఎత్తు పెరిగింది, స్టాండు పొడవు మాత్రం పాతదే. ఇంకేం, ఒరగక ఏం చేస్తుంది? షోకు కోసం వేలు పోసినవాళ్లం, బుష్షుకి రెండొందలు అడిగితే మిస్త్రీతో గీచి గీచి బేరమాడతాం.

పని ఇట్లా జరిగింది. అటక మీది పాత షాకులు దింపి మళ్లీ వేశాం, టైరు పాత సైజుకి మార్చాం. చాచా ఫ్రేము లగ్గుని కిరసనాయిలుతో కడిగి పగుళ్లు వెతికారు. పగులు ఉంటే మిగతా పనంతా బేకార్ అన్నారు. మాకు లేదు. లేతు మిషను మీద రంధ్రం గుండ్రం చేయించి బుష్ కొట్టించారు. కొత్త బోల్టు, గ్రీజు, గట్టి స్ప్రింగు. అరిగిన తట్టుకి వెల్డింగ్ నింపి ఆకురాయితో సరి చేశారు.

అప్పుడు రెండు టైర్లకీ గాలి సరిగ్గా పట్టించి, బండిని చదునైన సిమెంటు నేల మీద సైడ్ స్టాండు వేసి నిలిపారు. ఇంకా కొంచెం ఎక్కువే ఒరిగింది. పాదం కింద ఒక్కో రేకు ముక్క పెట్టుకుంటూ పోయి, సరైన చోట ఆగి, ఆ ముక్కల మందం కొలిచారు. ఎనిమిది మిల్లీమీటర్లు. స్టాండు విప్పి, బండికి దూరంగా పెట్టి, అంత మందం పలక వెల్డింగ్ చేశారు. బండి మీదే వెల్డింగ్ చేస్తే పక్కన పెట్రోలు, బ్యాటరీ ఉంటాయని జ్ఞాపకం చేశారు. పలక వెడల్పు అరచేయంత. ‘మన నల్లమట్టిలో దిగకూడదు, మే నెల తారు రోడ్డులో కూడా’ అన్నారు.

‘ఇంకొంచెం పొడుగు పెడితే నిటారుగా నిలబడుద్ది కదా?’ అన్నాను. ‘అప్పుడు గాలికి కుడివైపు పడుద్ది. అటు ఇంకో పిల్లోడు ఉంటాడు’ అన్నారు. ఎడమ పక్కన నిలబడి బండిని మెల్లగా కుడికి నెట్టి చూపించారు. కొంచెం లేచి, వదలగానే మళ్లీ స్టాండు మీదకే వచ్చి కూర్చుంది. ‘ఒరగడం తప్పు కాదు, ఎంత ఒరగాలో అంతే ఒరగాలి’ అన్నారు. పల్లంలో ఆపినా గేరులో పెట్టి ఆపమన్నారు.

మొత్తం స్టాండు పనికి అయిన ఖర్చు, తమ్ముడి ఒక్క షాకు ధరలో సగం కూడా లేదు. ఇక ఒక కడువ మాట. ఇంత తెలిసిన మనిషిని మన మహఫిల్‌లో ఏ వరసలో కూర్చోబెడతాం? అబ్బాయి మెకానిక్ అంటే పైగామ్ వెనక్కి తీసుకుంటాం. నల్లని చేతులకి సలాం చేయడానికి ఆలోచిస్తాం. హలాల్ కమాయి అని తఖ్రీర్లు వింటాం, ఆ కమాయి చేసేవాడికి పది రూపాయలు తగ్గించి ఇస్తాం. ఉస్తాద్ దగ్గర హునర్ నేర్చుకునే పిల్లలు ఇందుకే తగ్గిపోతున్నారు. రేపు లోపం ఎక్కడుందో వెతికేవాడు ఉండడు, ముక్క అతికించి పంపేవాడే ఉంటాడు. అప్పుడు ఇటుకే గతి.

దారిలో హాని కలిగించేదాన్ని తొలగించడం నేకీ అని మన పిల్లలకి చిన్నప్పుడే నేర్పుతాం. మరి జుమా నాడు మసీదు ముందు, పిల్లలు పరిగెత్తే చోట, పడబోయే బండిని నిలిపి లోపలికి పోవడం ఏమిటి? దాన్ని ఖిస్మత్ అనకండి. అది గఫ్లత్. ఆ గఫ్లత్ నాది, పేరు పెట్టి చెప్పుకుంటున్నాను.

రేపు ఫజర్ తర్వాత అయిదు నిమిషాలు ఖర్చు పెట్టండి. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, సైడ్ స్టాండుని చేత్తో పట్టుకుని ఊపి చూడండి. ఊగితే మిస్త్రీ దగ్గరికి పోండి. ఆయన అడిగినంత ఇవ్వండి. ఇటుకని గోడకి వదిలేయండి.