దేని కాపీ ఇది?

పాత పాటల రికార్డులు కొనేవాళ్ళ మధ్య తెగని గొడవ ఒకటుంది. ఒరిజినల్ ప్రెస్సింగ్ కొనాలా, రీఇష్యూ కొనాలా? అంటే పాట మొదట విడుదలైనప్పుడు నొక్కిన ప్లేటా, లేక ఇప్పుడు కొత్తగా నొక్కి, దళసరి అట్టలో పెట్టి అమ్ముతున్న ప్లేటా అని. మన క్లబ్బులోనూ ఇద్దరు ముగ్గురు టర్న్‌టేబుల్ కొన్నారు కాబట్టి ఈ గొడవ క్యాంటీన్ దాకా వచ్చేసింది. నన్నడిగితే ఈ ప్రశ్నని మనం అమెరికా నుంచి ఉన్నదున్నట్టు దించుకున్నాం. తెలుగు రికార్డుల దగ్గర ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

ఒరిజినల్ వైపు వాదన ఏమీ తీసిపారేసేది కాదు. స్టూడియో టేపు మీద పాట ఉంటుంది. దాన్ని ఒక మెత్తటి ప్లేటు మీద గాడిగా కోస్తారు. దానికి లోహపు పూత ఎక్కించి అచ్చు తీస్తారు, ఆ అచ్చుకి ఇంకో అచ్చు, చివరికి స్టాంపర్. స్టాంపర్ నొక్కే కొద్దీ అరుగుతుంది, టేపు ముసలిదవుతుంది. కాబట్టి మొదటి విడతలో వచ్చిన ప్లేటే టేపుకి దగ్గర అని లెక్క. సీఎస్‌ఈ వాళ్ళకి ఇది వింతే. మన ఫైలుని వెయ్యిసార్లు కాపీ చేసినా ఒక్క బిట్టు మారదు. చెక్‌సమ్ కలిస్తే చాలు, ఏది ఒరిజినల్ అన్న మాటకే అర్థం లేదు. రికార్డు అట్లా కాదు, ప్రతి కాపీ దగ్గరా ఎంతో కొంత పోతుంది.

కానీ మన దగ్గర ఒరిజినల్ అంటే ఏది? పాట మద్రాసులో రికార్డయ్యేది, హెచ్‌ఎంవి ప్లేటు మాత్రం కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. బాగా అమ్ముడయ్యేవాటిని మళ్ళీ మళ్ళీ నొక్కేవాళ్ళు. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ప్లేటు ఎవరింట్లోనైనా దొరికితే, అది మొదటి విడతదో, పదేళ్ళ తర్వాతదో చెప్పగలిగే అమ్మకందారు ఇంతవరకూ నాకు తగల్లేదు. లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన మాట్రిక్స్ నంబరు ఒక్కటే కొంచెం ఆధారం.

ఇంకో సంగతి, అసలు ఈ ప్లేట్లు ఎట్టా బతికాయన్నది. మనుబోలులో మా చిన్నతాత క్యాసెట్లు వచ్చేదాకా మైకుసెట్టు నడిపాడు. అహూజా ఆంప్లిఫయర్, తాటిచెట్టుకి కట్టిన రెండు బూరలు, ఒక ట్రంకుపెట్టె నిండా ప్లేట్లు. పెళ్ళికీ, తిరునాళ్ళకీ, వినాయక చవితికీ తెల్లారుజామున నాలుక్కే మొదలు. దుమ్ములో, ఎండలో, పసుపు చేతులతో మార్చిన ప్లేట్లు అవి. ఆ పెట్టె తీసి చూస్తే ఒకటి అర్థమైంది. ఊరికి ఏ పాట ఎక్కువ ఇష్టమో ఆ ప్లేటు అంత పాడైంది. ఎవరూ అడగని పాట అద్దంలా మెరుస్తా ఉంది. కలెక్టర్లు వేలు పోసి కొనే 'మింట్ కండిషన్' ప్లేటు అంటే నాకు ఇప్పుడు ఎవరికీ పట్టని ప్లేటు అనే వినిపిస్తుంది. (నవ్వకండి, నిజం.)

ఒరిజినలా కాదా ఎట్టా గుర్తుపట్టేవాళ్ళు తాతా అని అడిగితే, "అదంతా యాడ చూసేవాళ్ళం అబ్బయా, గీత పడిందా లేదా, అంతే" అన్నాడు.

పోయిన సంక్రాంతికి మద్రాసు నుంచి ఒక వ్యాపారి హైవే మీద కారేసుకుని వచ్చాడు. అట్టలు బాగున్న ఎల్పీలు ఏరుకున్నాడు. మద్రాసు ఎకో కంపెనీ వేసిన ఇళయరాజావి ముందు తీశాడు, తర్వాత శంకరాభరణం. అడుగునున్న 78లు చూసి, ఇవి బరువు తప్ప ఎవరు కొంటారు అని పక్కన పెట్టేశాడు. చిన్నతాత వాళ్ళ నాన్న కొన్న ప్లేట్లు అవి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలున్నాయి. పక్కకి మూడు నిమిషాలే పడుతుంది కాబట్టి నాటకాన్ని ముక్కలు చేసి నాలుగైదు ప్లేట్ల సెట్టుగా అమ్మేవాళ్ళు. అట్లాంటి సెట్లున్నాయి, కొన్నిట్లో ఒక ప్లేటు లేదు, కొన్నిట్లో లేబుల్ మీద పేరే చెరిగిపోయింది.

ఆయన తీసుకెళ్ళినవాటికి ఈరోజు కాకపోతే రేపు రీఇష్యూ వస్తుంది. ఇళయరాజా తమిళ పాటలతో ఇంగ్లండులోని ఫైండర్స్ కీపర్స్ కంపెనీ 'సొల్ల సొల్ల' అని ఎల్పీయే వేసింది. ఆయన వదిలేసినవాటికి రాదు. పైగా 1930ల నాటి ఆ ప్లేట్లకి టేపే లేదు. గాయకుడు పాడుతుండగానే మైనం మీద నేరుగా కోసినవి. ఆ లోహపు అచ్చులు లేకపోతే, అరిగిన ఆ నల్ల ప్లేటే మాస్టర్. టేపు ఉన్నవాళ్ళకి మాత్రం పూచీ ఏముంది? 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ కాలిపోయినప్పుడు అక్కడ దాచిన మాస్టర్ టేపులు ఎన్నో బూడిదయ్యాయి. ఆ సంగతి న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా, అంటే 2019 దాకా, బయటి జనానికి సరిగా తెలీదు.

అందుకే, ఒరిజినలా రీఇష్యూనా అని కాదు, ఇది దేని కాపీ అని అడగాలంటాను. 2022లో అమెరికాలో జరిగింది చూడండి. మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఖరీదైన రీఇష్యూలకి పేరు. నేరుగా అనలాగ్ టేపు నుంచే చేస్తున్నారని కొనేవాళ్ళ నమ్మకం. తీరా చూస్తే చాలావాటిలో మధ్యలో డిజిటల్ ఫైలు ఉందని బయటపడింది. కోర్టు దాకా వెళ్ళింది. తమాషా ఏంటంటే, చెవి ఇట్టే పట్టేస్తుందని గొప్పలు పోయినవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ప్లేట్లనే మెచ్చుకున్నారు. వాళ్ళ కోపం శబ్దం మీద కాదు, చెప్పకుండా దాచినందుకు. ఆ కోపం న్యాయమైనదే. రీఇష్యూ అంటే నాకు చులకన లేదు. మంచి టేపు నుంచి శ్రద్ధగా చేసింది, మైకుసెట్టులో నలిగిన ఒరిజినల్ కంటే నూరుపాళ్ళు మేలు. కానీ అట్ట మీద హీరో ఫోటో పెద్దదిగా వేసి, ఏ టేపు నుంచి, ఎవరు, ఏ సంవత్సరంలో తయారు చేశారో ఒక్క లైను కూడా రాయకపోతే, నేను మాత్రం కొనను. గిట్‌లో కమిట్ మెసేజ్ లేకుండా పుష్ చేస్తే మన సీనియర్లు ఊరుకుంటారా?

మరి రీఇష్యూ రాని 78ల సంగతి? అది మనమే చెయ్యొచ్చు. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్ళే. 1964లో వచ్చిన రికార్డు మీద కంపెనీ హక్కు 2024 చివరితో తీరిపోయింది. పద్యం రాసినవాళ్ళ హక్కు వేరే లెక్క, అది వాళ్ళు పోయాక 60 ఏళ్ళు. ఆ తేదీలు చూసుకుని మరీ చెయ్యాలి.

పని కష్టమైంది కాదుగానీ ఓపిక కావాలి. 78 గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు అడుగున పొర్లాడుతుంది, వేరే ముల్లు పెట్టాలి. స్పిరిటుతో తుడవకూడదు, 78లో ఉండేది లక్క, ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది. రికార్డయిన ఫైలుని ముందు ముట్టుకోకుండా దాచాలి, నాయిస్ రిడక్షన్ దాని కాపీ మీదే. శుభ్రం చేసింది మాత్రమే దాచి మూలాన్ని డిలీట్ చేస్తే, మనం తిట్టుకునే రీఇష్యూకి మనమూ తోడే. ప్రతి ఫైలుకీ కంపెనీ పేరు, ప్లేటు నంబరు, మాట్రిక్స్ నంబరు, ఏ ముల్లుతో వాయించామో రాయాలి.

ఒక ఇబ్బంది మాత్రం సాఫ్ట్‌వేర్‌తో తీరేది కాదు. గాడి అరిగిన చోట మాట వినపడదు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు పద్యంలో తప్పిపోయిన మాట ఏదో ఊహకి కూడా అందదు. చిన్నతాత మాత్రం ప్లేటు తిరుగుతుండగానే, ఆ చోటు రాగానే తన గొంతుతో పూరించేస్తాడు. అందుకని ప్రతి పక్కకీ రెండు ఫైళ్ళు చేస్తున్నా, ఒకటి ప్లేటుది, ఒకటి ఆయనది. ఇప్పటికి పదకొండు పక్కలు అయ్యాయి. గూడూరు, వెంకటాచలం, కావలి వైపు మీ ఇళ్ళల్లో 78లు ఉంటే, అమ్మేముందు ఒక ఆదివారం ఇవ్వండి. ముల్లు నేను తెచ్చుకుంటాను.