వేగం తగ్గించమనే వైద్యులారా!

ఇంట్లో సీఎన్‌సీ యంత్రం కట్టుకున్నవాడు "చెక్క కోస్తుంటే అదురుతోందండీ, పని మీద అలలు పడుతున్నాయి" అని నోరు విప్పడమే తడవు, చుట్టూ ఉన్న అనుభవజ్ఞులు ముక్తకంఠంతో ఇచ్చే మందు ఒకటే: వేగం తగ్గించు. తగ్గలేదా, ఇంకా తగ్గించు. అప్పటికీ తగ్గలేదా, పెద్ద స్పిండిల్ కొను. నాడి చూడరు, నాలుక చూడరు. రోగి గుమ్మం ఎక్కకముందే చీటీ రాసేస్తారు. ఈ వైద్యం తప్పనీ, పైగా హాని చేస్తుందనీ నా వాదం.

నా గోడు కొంత చెప్పక తప్పదు. రాజమహేంద్రవరంలో మా పెరటి రేకుల షెడ్డులో రెండడుగులకు మూడడుగుల యంత్రం ఒకటి కట్టాను. అల్యూమినియం చట్రం, 800 వాట్ల స్పిండిల్. మా చెల్లెలి కొత్త ఇంటి సింహద్వారానికి టేకు పలక మీద లతలు చెక్కి ఇస్తానని మాటిచ్చాను. రెండు కోత అంచులున్న 6 మి.మీ. బిట్టు, నిమిషానికి 18000 చుట్లు, ముందుకు నడక నిమిషానికి 1800 మి.మీ. మొదలుపెట్టిన క్షణం నుంచీ ఒకటే కీచు. పలక నిండా చేప పొలుసుల్లాంటి గాట్లు. సలహా అడిగితే పైన చెప్పిన మందే దొరికింది.

అయ్యా, వేగమంటే ఏ వేగం? చుట్ల వేగమా, నడక వేగమా? ఈ ప్రశ్న వేసినవారు ఒక్కరూ లేరు. లెక్క కట్టి చూడండి. 1800ని 36000 కోతలతో భాగిస్తే ఒక్కొక్క అంచు 0.05 మి.మీ. మందం పొట్టు తీస్తోందన్నమాట. నడక అలాగే ఉంచి చుట్లు 9000కు దించితే పొట్టు 0.1 మి.మీ. అవుతుంది. అసలే వణుకుతున్నవాడి నెత్తిన బరువు పెంచినట్టు. పోనీ, చుట్లు అలాగే ఉంచి నడకను 600కు దించితే పొట్టు 0.017 మి.మీ. కూడా ఉండదు. అప్పుడు అంచు కోయడం మాని రాచుతుంది, టేకు నల్లగా మాడుతుంది. నేను రెండూ చేశాను. మొదటిదానికి గాట్లు లోతయ్యాయి, రెండోదానికి పొగ వచ్చింది. పలక పాడైంది.

కంపాలన్నీ ఒక జాతివి కావు. గోదావరి మీద 1974 నాటి రోడ్డు, రైలు వంతెన పైభాగాన నిలబడితే, కింద రైలు పోతున్నప్పుడు కాళ్ళకు అదురు తెలుస్తుంది. రైలు దాటగానే అది ఆగుతుంది. అది బయటినుంచి వచ్చిన అదురు. కంకర రోడ్డు మీద వరసగా పడే గతుకుల కథ వేరు. ఒక చక్రం ఎగిరిపడిన చోట గుంట పడుతుంది. తరవాతి చక్రం ఆ గుంటలో దిగి, ఎగిరి, దాన్ని ఇంకా లోతు చేస్తుంది. కోతలో పుట్టే అసలు అదురు ఈ రెండో జాతిది. ఒక అంచు చెక్క మీద అల గీస్తుంది, వెనక వచ్చే అంచు ఆ అలను కోయబోతుంది. పొట్టు మందం మారుతుంది, దానితో బలం మారుతుంది, యంత్రం మళ్ళీ ఊగుతుంది. ఫ్రెడరిక్ టేలర్ లోహపు కోత మీద 1907లో ప్రచురించిన గ్రంథంలో, యంత్రకారుడి సమస్యల్లో అన్నిటికన్నా అంతుపట్టనిది ఇదేనని ఒప్పుకున్నాడు. ఆ ముడిని 1950, 60 దశకాల్లో టోబియస్, ట్లస్టీ వంటివారు విప్పారు. మనం మాత్రం ఇంకా చీటీ వైద్యం దగ్గరే ఉన్నాం.

జాతి కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. ముందు స్పిండిల్ ఆపి యంత్రాన్ని అటూ ఇటూ నడపండి. అప్పుడే అదిరితే తప్పు మోటార్లదో స్క్రూలదో. తరవాత స్పిండిల్ తిప్పి గాలిలో నడపండి. అప్పుడు అదిరితే బేరింగో, కోలెట్టో, వంకర బిట్టో. రెండింటిలోనూ నెమ్మదిగా ఉండి చెక్క తగలగానే కేక పెడితే, రోగం కోతలో ఉంది. నాది మూడోదే.

ఆ కేకకు కూడా అర్థముంది. 18000 చుట్లంటే సెకనుకు 300, రెండు అంచులు కలిసి 600 దెబ్బలు. ఫోనులో శబ్దాన్ని విడదీసి చూపే యాప్ పెట్టి చూస్తే, పెద్ద శిఖరం 600 దగ్గర లేదు, 300 గుణిజాల్లో వేటి దగ్గరా లేదు. దాదాపు 700 హెర్ట్జ్ దగ్గర ఉంది. అది నా యంత్రం సొంత గొంతు. దెబ్బల్ని ఆ గొంతుతో కలిపితే ప్రతి అంచూ ముందటి అల అడుగుల్లోనే అడుగు వేస్తుంది, పొట్టు మందం మారదు. 700 దెబ్బలంటే 21000 చుట్లు. నడకను 2100కు పెంచి పొట్టును 0.05 దగ్గరే ఉంచాను. కీచు సగానికి పైగా పోయింది. తగ్గించమన్న వేగాన్ని పెంచితే తగ్గిన అదురు ఇది!

అంతటితో రోగం కుదిరిందనను. మిగతా సగం సంగతి పట్టుకున్నది మా ఇంటి తలుపులు చేస్తున్న పెద్దవయసు వడ్రంగి మేస్త్రి. కంప్యూటరు వంక కన్నెత్తి చూడలేదు. పలకను కణుపుతో నాలుగుచోట్ల కొట్టి, "కింద డొల్లగా ఉందండి బాబూ" అన్నారు. నిజమే, వంగిన పలక నడిమధ్య బల్లకు ఆనడం లేదు. ఆయన రెండు చీలికలు దూర్చారు. చిత్రిక పట్టడంలో ఒక జీవితం గడిపినవారికి, అంచు ఎంత బయటికి ఉంటే అంత వణుకుతుందని ఎవరూ చెప్పనక్కరలేదు. బిట్టును 40 మి.మీ. బదులు 30 మాత్రమే బయటికి ఉంచితే దాని బిగువు రెండింతలకు పైగా పెరుగుతుందని పుస్తకం చెబుతుంది. ఆయన చెయ్యి ముందే చెప్పింది.

తరవాత స్ప్రింగు త్రాసు తగిలించి బిట్టు కొనను పది కిలోల బలంతో లాగి, డయల్ గేజ్ పెట్టాను. 0.4 మి.మీ. కదిలింది. ఒక్కొక్క అతుకు దగ్గరా గేజ్ మార్చుకుంటూ వస్తే, అందులో 0.25 మి.మీ. స్పిండిల్ పలకకూ అడ్డదూలానికీ మధ్యే పుడుతోంది. బేరింగులు మరీ దగ్గరగా పెట్టిన పాపం నాదే. వాటిని ఎడంగా జరిపి, 12 మి.మీ. పలక వేశాక మొత్తం కదలిక 0.15కు దిగింది. పెద్ద స్పిండిల్ కొని ఉంటే ఆ బలహీనమైన అతుకు మీదే మరింత బరువు వేలాడేది.

వేగం తగ్గిస్తే ఒక్కోసారి పని జరుగుతుందని ఒప్పుకుంటాను. కోత లోతు తగ్గించడం ఇంకా మంచిది. కానీ ఎందుకు తగ్గిందో తెలియని ఉపశమనం రేపటి పలకకు పనికిరాదు. మన సలహా విని డబ్బు పోసి, చివరికి "ఇంట్లో కట్టినదింతే" అని యంత్రానికి దుప్పటి కప్పేసినవారిని నేనెరుగుదును. ఆ దుప్పటి కింద పడి ఉన్న తప్పు మనది. ఇకమీదట ఎవరైనా అడిగితే మందు పేరు చెప్పకముందు మూడు మాటలు అడుగుదాం. ఎప్పుడు అదురుతోంది? ఏ శ్రుతిలో? ఏ అతుకు దగ్గర?

రెండో పలక చెల్లెలి గుమ్మానికెక్కింది. మొదటిదాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి వేలాడదీశాను. సలహా ఇవ్వాలని నోరు దురద పెట్టినప్పుడల్లా ఒకసారి దానివంక చూస్తుంటాను.