మీటరు కనబడాలి... రోడ్డూ కనబడాలి!

రాత్రిపూట రీల్స్ చూస్తుంటే పాత కార్ల డ్యాష్‌బోర్డు వీడియోలు మీకూ తగిలే ఉంటాయి. మొదటి సగంలో మసక పసుపు వెలుగు, ముల్లు ఎక్కడుందో కనబడదు. రెండో సగంలో ఢాం... నీలం ఎల్‌ఈడీలు! డ్యాష్‌బోర్డు మొత్తం పెళ్లి పందిరిలా మెరిసిపోతుంటుంది. కింద లైకులే లైకులు. నాకు మాత్రం ఒకటే డౌటు. ఆ బండి నడిపేవాడికి ఇప్పుడు రోడ్డు కనబడుతోందా?

ఈ డౌటు నాకు ఊరికే రాలేదు. వరంగల్ మట్టెవాడలో మా మేనమామ ఇంటి ముందు రేకుల షెడ్డులో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. దాని వయసు నా వయసుకు దాదాపు రెండింతలు.

హెరాల్డ్ పేరు వినకపోతే మీ తప్పేం లేదు, ఇంట్లో తాతను అడగండి. ట్రయంఫ్ హెరాల్డ్ ఇంగ్లండ్‌లో 1959లో విడుదలైంది. (మన ఆర్‌ఈసీకి, అంటే ఇప్పటి ఎన్‌ఐటీకి, నెహ్రూ శంకుస్థాపన చేసింది కూడా ఆ ఏడాదే.) 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. డిజైన్ ఇటలీకి చెందిన జొవానీ మికెలోటిది. ఇంజిన్ 948 సీసీ. బానెట్ ఎత్తితే ముందు భాగం మొత్తం మొసలి నోరులా తెరుచుకుంటుంది. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దేశంలో తప్ప ఇంకెక్కడా తయారవలేదు.

ఇది స్పోర్ట్స్ కారా? కాదు. కానీ 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిచేసి వాడారు. దాన్ని గీసిందీ మికెలోటియే. అంటే మామ కారు స్పిట్‌ఫైర్‌కు వరసకు అన్న అవుతుంది. మీటర్లు, బల్బులు, వైర్ల రంగులు, వాటి రోగాలు అన్నీ ఒకే కుటుంబానివి. కాబట్టి ఎక్కడైనా ఎవరి గ్యారేజీలోనైనా స్పిట్‌ఫైరో, ఎంజీబీయో ఉంటే ఈ ముచ్చట వాళ్లకూ పనికొస్తుంది.

మామ రాత్రిపూట బండి తీయడం మానేశాడు. ఖమ్మం రోడ్డులో వర్ధన్నపేట దాటాక అత్తమ్మ వాళ్ల ఊరుంది. అక్కడ పొద్దుగూకితే తెల్లారేదాకా ఆగి వస్తున్నారు. ఏమైందని అడిగితే, "అల్లుడా, మీటరు కనబడ్తలేదురా. యాభైల పోతున్ననా ఎనభైల పోతున్ననా తెలుస్తలేదు" అన్నాడు. (ఈ వయసులో హెరాల్డ్ ఎనభై అందుకుంటే అది వేరే వార్త.) అత్తమ్మ అప్పటికే బండి అమ్మేద్దామని మొదలుపెట్టింది. మా బామ్మర్ది ఆన్‌లైన్‌లో నీలం ఎల్‌ఈడీ సెట్టు కార్ట్‌లో పెట్టి, పే బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

వాడిని ఆపడానికి నేను చెప్పింది కంటి సంగతి. వెలుగులోంచి చీకట్లోకి వెళ్తే మన కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. చీకట్లో పనిచేసే కణాలను రాడ్స్ అంటారు. నీలం-ఆకుపచ్చ వెలుగు వాటికి బాగా తగులుతుంది, ఎరుపు చాలా తక్కువ. అందుకే విమానాల కాక్‌పిట్లలో, జలాంతర్గాముల్లో ఎర్ర లైట్లు వాడేవాళ్లు. బీఎండబ్ల్యూ దశాబ్దాల పాటు మీటర్లకు నారింజ-ఎరుపు వెలుగే పెట్టింది. స్వీడన్ సాబ్ వాళ్లయితే 1990ల్లోనే కార్లో ఒక బటన్ ఇచ్చారు. నొక్కితే స్పీడోమీటరు తప్ప మిగతావన్నీ ఆరిపోతాయి. ఏదైనా తేడా వస్తే ఆ మీటరు దానంతటదే వెలుగుతుంది. వెలిగించడమే కాదు, ఆర్పడం కూడా డిజైనే.

లోపల వెలుగు పెరిగితే బయట చీకటి పెరుగుతుంది. ముందు అద్దంలో డ్యాష్‌బోర్డు నీడలు పడతాయి. వర్ధన్నపేట రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న వడ్ల ట్రాక్టరు ఆ నీడల్లో కలిసిపోతుంది. మనకు ప్రాణం మీదికి వచ్చేది అక్కడ, మీటరు దగ్గర కాదు. పాత కారు లేనివాళ్లు కూడా ఒక్క క్షణం ఆగండి. మ్యాప్ కోసం స్టాండులో పెట్టే మీ ఫోన్ రాత్రిపూట ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటే అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

సరే, మరి మామకు మీటరు కనబడాలి కదా? మేం బల్బు మార్చడానికి ముందు మల్టీమీటర్ తీశాం. బగ్ ఎక్కడుందో చూడకుండా కోడ్ మొత్తం తిరగరాసేవాళ్లు మా ఆఫీసులోనూ ఉన్నారు. ఆ అలవాటు కార్ల దాకా రాకూడదు.

ఇలాంటి బ్రిటిష్ మీటర్ల వెనక ఉండేది 12 ఓల్టుల, 2.2 వాట్ల బుజ్జి బల్బు. మర తిప్పి బిగించే రకం. మామ కారులో అలాంటివి రెండు. లైట్లు వేసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4 ఓల్టులు, బల్బు దగ్గర 9.6. దారిలో 2.8 ఓల్టులు మాయం!

"ఓస్, పావు వంతు కూడా కాదు కదా" అన్నాడు బామ్మర్ది. అక్కడే ఉంది కిటుకు. ఫిలమెంట్ బల్బు వెలుగు ఓల్టేజీతో సమానంగా తగ్గదు. సుమారుగా ఓల్టేజీకి 3.4వ ఘాతం లెక్కన పడిపోతుంది. 12కు బదులు 10 ఓల్టులు అందితే వెలుగు దాదాపు సగం. 9 అందితే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మామ బల్బులు పాడవలేదు, పస్తులున్నాయి.

దొంగ ఎక్కడ దొరికాడంటే, ఎర్త్ వైరు దగ్గర. పాత కార్లో బల్బుకు కరెంటు తెచ్చే వైరు ఒకటే, తిరుగు ప్రయాణం కారు బాడీ ఇనుము ద్వారానే. బ్రిటిష్ రంగుల పద్ధతిలో ఎరుపు మీద తెల్ల చార ఉన్న వైరు మీటరు లైటుకు కరెంటు తెస్తుంది, నల్లది ఎర్త్. మీటరు వెనక నుంచి వచ్చిన ఆ నల్ల వైరు కొసను, ఎప్పుడో పెయింటింగ్ చేయించినప్పుడు, పెయింటు పొర మీదే బిగించేశారు. కింద తుప్పు కూడా చేరింది. దీన్ని పట్టుకోవడం తేలికే. లైట్లు వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొస మీటరు డబ్బాకు, రెండోది బ్యాటరీ ఎర్త్ వైపుకు ఆనించండి. పాయింట్ రెండు ఓల్టుల లోపు చూపిస్తే పర్లేదు. మాకు 1.9 చూపించింది. మిగతాది బల్బు హోల్డర్లలో, స్విచ్చులో పోతోంది.

బ్యాటరీ కనెక్షన్ తీసేసి, జీరో నంబర్ ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్ వేసి బిగించాం. హోల్డర్ల లోపల కూడా అదే పని. మళ్లీ చూస్తే 12.1 ఓల్టులు! అంటే వెలుగు రెట్టింపు దాటింది. ఖర్చు ఉప్పుకాగితం, ఒక లగ్, రెండు చాయ్‌లు. బామ్మర్ది మొహంలో మాత్రం ఆర్డర్ క్యాన్సిల్ అయిన బాధ.

తర్వాత మీటరు విప్పాం. ఈ రకం మీటర్ల మీది మెరిసే రింగును మెల్లగా తిప్పితే, దాని చెవులు గాడుల దగ్గరికి వచ్చినప్పుడు ఊడి వస్తుంది. బలం చూపిస్తే గాజు పగులుతుంది. డబ్బా లోపలి గోడలకు తెల్ల రంగు ఉంటుంది. బల్బు వెలుగును డయల్ మీదికి చెదరగొట్టేది ఆ తెలుపే. మామ మీటరులో అది బీడీ పొగ పట్టిన సున్నపు గోడలా ఉంది. సన్న కుంచెతో తెల్ల రంగు వేశాం, యంత్రం వైపు ఒక్క చుక్క పడకుండా. డయల్ జోలికి, ముల్లు జోలికి మాత్రం పోలేదు. తడి గుడ్డ పెట్టి తుడిస్తే పాత అంకెలు గుడ్డకే అంటుకొస్తాయి. బల్బుల గాజు లోపల నల్లబడింది కాబట్టి అవే 2.2 వాట్లవి కొత్తవి వేశాం. ఐదు వాట్లది వేస్తే బాగుంటుందని ఎవరైనా అంటే వినకండి. ఆ వేడికి కొత్త రంగు మళ్లీ పచ్చబడుతుంది.

ఎల్‌ఈడీలకు నేను వ్యతిరేకం కాదు, అసలు వద్దనడం లేదు. అవి కరెంటు తక్కువ తింటాయి, వేడి తక్కువ. డైనమో ఉన్న పాత బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఛార్జింగ్ పడిపోయి లైట్లు నీరసపడతాయి కదా, అక్కడ ఎల్‌ఈడీ నిలబడుతుంది. కానీ కొనేముందు కొన్ని చూసుకోవాలి. చాలా ఎల్‌ఈడీలు టార్చిలా ఒకే దిక్కుకు కొడతాయి. మీటరులో ఒక మూల మిరుమిట్లు, ఇంకో మూల చీకటి. చుట్టూ వెలుగు చిమ్మే రకం, లేత పసుపు రంగుది తీసుకోండి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ పట్టింపు ఉంటుంది. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిపేది బ్యాటరీ పాజిటివ్‌ను! మామూలు ఎల్‌ఈడీ అక్కడ వెలగనే వెలగదు. వెలుగు తగ్గించే పాత నాబ్ కూడా దీనిమీద పెద్దగా పనిచేయదు. ఎందుకంటే ఆ నాబ్ రెసిస్టెన్స్‌తో ఓల్టేజీని తగ్గిస్తుంది. ఎల్‌ఈడీ లాగే కరెంటే తక్కువైనప్పుడు ఇక తగ్గేదేముంది? ఇంటర్ ఫిజిక్స్‌లో ఓమ్ నియమం ఎందుకు చదివాంరా బాబూ అనుకునేవాళ్లకు ఇదిగో జవాబు.

ఇంకో ముఖ్యమైన మాట. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించుకున్న పాత బండ్లలో ఎర్రటి ఛార్జింగ్ వార్నింగ్ బల్బును మాత్రం ఎల్‌ఈడీగా మార్చొద్దు. చాలా ఆల్టర్నేటర్లకు స్టార్టింగ్‌లో కావాల్సిన చిన్న కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. ఎల్‌ఈడీ పెడితే అది చాలక, బండి స్టార్టయినా ఛార్జింగ్ మొదలవకపోవచ్చు. నడిరోడ్డు మీద బ్యాటరీ అయిపోయాక అందరూ ఆల్టర్నేటర్‌నే తిడతారు.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదన్నది అందులో షరతు. బల్బు మారిస్తే ఏం కాదు గానీ, లైట్ల కోసం డ్యాష్‌బోర్డును కోసి పారేసినవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. పైగా వింటేజ్‌గా రిజిస్టరైతే ఆ బండిని రోజువారీగా తిప్పకూడదు. మామ ఆ దరఖాస్తు పెట్టకపోవడానికి కారణం అదే.

పని అయ్యాక చీకటి పడేదాకా ఆగి లైట్లు వేశాం. నాకు, బామ్మర్దికి అంకెలన్నీ స్పష్టంగా కనబడ్డాయి. మామ సీట్లో కూర్చుని, కళ్లు చికిలించి, "మంచిగయ్యింది గని... ఇంకా జర మబ్బు మబ్బుగనే ఉందిరా" అన్నాడు.

నేను మల్టీమీటర్ పక్కన పెట్టేశాను. ఇరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి చేరేది సుమారు మూడో వంతే అంటారు. కనుపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. ఎదుటి హెడ్‌లైటు పడ్డాక తేరుకోవడానికి టైమూ ఎక్కువ పడుతుంది. "మామా, ఎదురుంగ బండ్లు వస్తుంటే లైటు చుట్టూ వలయాలు కనబడ్తున్నయా?" అని అడిగాను. అత్తమ్మే జవాబు చెప్పింది. "ఆ సంగతి ఏడాది సంది నాతోటి అంటుండు, డాక్టర్ దగ్గరికి పొమ్మంటే పోతలేడు."

కంటి పరీక్షలో రెండు కళ్లలోనూ శుక్లాలు తేలాయి. ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను, కొన్ని వారాల తేడాతో ఆపరేషన్లు అయ్యాయి. డాక్టర్ సరేననేదాకా బండి తాళాలు అత్తమ్మ బీరువాలోనే ఉన్నాయి.

పోయిన వారం మామ ఫోన్. "అల్లుడా, మీటరు లైటు మరీ ఎక్కువైందిరా, కళ్లల్ల కొడ్తుంది. జర తక్కువ చెయ్యి."

లెక్క వేశాను. రెండు బల్బులూ కలిపి వెలుగుతున్నప్పుడు వాటి రెసిస్టెన్స్ సుమారు 33 ఓంలు. దారిలో 10 ఓంల వైర్‌వౌండ్ రియోస్టాట్ పెట్టి నాబ్ మొత్తం తిప్పితే బల్బులకు అందేది దాదాపు తొమ్మిది ఓల్టులు. ఉప్పుకాగితం పట్టకముందు ఉన్నంత! కాకపోతే ఈసారి నాబ్ మామ చేతిలో ఉంటుంది. ఆదివారం వస్తున్నానని చెప్పాను. సోల్డరింగ్ ఐరన్ బామ్మర్ది దగ్గరుంది.