తాళంచెవిని తిప్పేదెవరు?

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పొలాల్లో బోరు వేయాలంటే రిగ్గు లారీ కంటే ముందు నీళ్లు చూసే మనిషి రావాలి. ఒకరు వేప పంగలకర్ర పడతారు, ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుంటారు, మరొకరు దారానికి తాళంచెవి కట్టి చేనంతా తిరుగుతారు. తాళంచెవి గుండ్రంగా తిరగడం మొదలైన చోటే పాయింటు. అడుగున జల లాగుతోందంటారు. రైతు అప్పు తెచ్చి అక్కడే బోరు దించుతాడు.

గుండ్రంగా తిరిగే ఏ వస్తువునైనా అనుక్షణం కేంద్రం వైపు లాగే బలం ఉండి తీరాలి. అదే అభికేంద్ర బలం. జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెలలో ఆ లాగుడు తాళ్లది. ఒక కొస వదలగానే రాయి ఆ క్షణాన ఎటు సాగుతోందో అటే, స్పర్శరేఖ వెంట దూసుకుపోతుంది. దాన్ని బయటికి తోసే బలమేదీ లేదు. అపకేంద్ర బలమన్నది రాయితో పాటు తిరుగుతూ లెక్క కట్టేవాడికే అవసరం.

తాళంచెవిని లోపలికి లాగేది దారం, దారాన్ని పట్టింది చెయ్యి. దారం 30 సెంటీమీటర్లుంటే ఒక చుట్టుకు సుమారు 1.1 సెకను పడుతుంది. 15కు కుదిస్తే 0.8 సెకనే. అడుగున నీరు ఉన్నచోటే ఉంది, మారింది దారం పొడవు. ఆ లయకు వేళ్లు కంటికి ఆననంత కదిలినా చాలు, ఊపు అంతకంతకూ పెరుగుతుంది.

ఆ మనిషి మోసగాడని నేననను. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్ తన చేతిలోని లోలకమే పాదరసం మీద ఊగడం చూసి ఆశ్చర్యపోయాడు. కళ్లకు గంతలు కట్టించుకుంటే ఆ ఊపు రాలేదు. 1833లో ఆంపియర్‌కు లేఖ రాసి ఈ సంగతి వివరించాడు. మనసు ఎదురుచూసేదాన్ని కండరాలు మనకు తెలియకుండానే చేసేస్తాయి.

మరి నీళ్లు పడ్డ బోర్ల మాటేమిటి? ఇక్కడ అడుగున గట్టి రాయి. నీరు పైన మెత్తబడిన పొరలోనూ, కింద పగుళ్లలోనూ ఉంటుంది. ఎవరు ఎక్కడ వేసినా ఒక్కోసారి పగులు తగులుతుంది. తగిలినదాన్ని ఊరంతా చెప్పుకుంటుంది. దుమ్ము లేచిన బోరుకు మాత్రం రైతు ఒక్కడే ఏళ్ల తరబడి వడ్డీ కడతాడు. నా కోపమంతా ఇక్కడే. రాతి పొరల విద్యుత్ నిరోధం కొలిచే సర్వే కూడా కచ్చితమైన హామీ ఇవ్వదు, కానీ అది కొలిచేది నేలను.

పాయింటు ఒప్పుకునే ముందు అదే దారాన్ని మూడు కర్రల ముక్కాలికి కట్టి, గాలి తగలకుండా అదే చోట వేలాడదీయమనండి. తర్వాత ఆ మనిషికే గంతలు కట్టి చేనంతా మళ్లీ నడిపించి, రెండోసారీ అక్కడే ఆగుతాడేమో చూడండి. రిగ్గు బేరం ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.