చేతులు మారు ఎక్స్‌టెన్షనులు

బత్తలపల్లి, ధర్మవరముల వర్తకులకును నేతగాండ్రకును బ్యాంకు లెక్కలు, పన్ను పత్రములు నేడు బ్రౌజరు ద్వారమున నడచుచున్నవి. దానికి మనము ఉచితమని తగిలించుకొను ఎక్స్‌టెన్షనులలో ననేకములు, మనము చూచు ప్రతి పుటను జదువుటకును మార్చుటకును అనుమతి గోరును. ఖాళీ కాగితముపై చేవ్రాలు చేయుట కిది భిన్నము గాదు.

ఆ కాగితము రేపెవరి చేత నుండును? ‘గ్రేట్ సస్పెండర్’ 2020లో చేతులు మారెను. హానికరమని గూగులు దానిని 2021 ఫిబ్రవరిలో తొలగించెను. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ సంస్థ యుద్యోగి యొకరు కపటలేఖను నమ్మి యనుమతి యొసంగగా, ఆ సంస్థ ఎక్స్‌టెన్షను పేర దొంగకూర్పు వాడుకరుల యంత్రములలో తనంతట తానే ప్రవేశించి, లాగిన్ కుకీలను హరింప జూచెను. కుకీ చిక్కిన దొంగకు తరచుగ పాస్‌వర్డుతో గాని ఓటీపీతో గాని పనిలేదు.

సెంటు భూమి యమ్మినను రిజిస్ట్రారు కచేరిలో నమోదు కావలెను. లక్షలమంది నమ్మిన సాధన మమ్ముడుపోయినపుడు వారికి దెలుపవలదా? అట్టి శాసనమును మనము కోరవలెను. అందాక అనవసరమైన వానిని దీసివేయుడు. మిగిలినవానికి ‘క్లిక్ చేసినపుడు మాత్రమే’ యని హద్దు విధింపుడు. బ్యాంకు పనికి ఎక్స్‌టెన్షనులు లేని ప్రత్యేక ప్రొఫైలు నుంచుకొనుడు. అనుమానము గలిగినచో తీసివేయుటతో దీరదు. అన్ని సాధనములనుండి లాగవుట్ చేసి పాస్‌వర్డు మార్చుకొనవలెను.