రెండు కార్బొరేటర్లు, మూడు కేబుళ్లు

రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్లని కదిపితే వినబడే కంప్లయింట్ ఒకటుంది. హైవే మీద సూపర్‌గా పోతుంది, ఊళ్లోకొస్తే మాత్రం వణుకుతుంది అంటారు. మా బాబాయ్ బండిదీ అదే కథ. యమహా ఆర్‌డీ 350ని ఆధారం చేసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో అమ్మిన బండి అది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కార్బొరేటర్. గొడవంతా అక్కడే.

ఊళ్లోనే ఎందుకు వణుకుతుంది? లెక్క చాలా సింపుల్. యాక్సిలరేటర్ తిప్పితే కేబుల్ కార్బొరేటర్‌లోని స్లైడ్‌ని పైకి లాగుతుంది. స్లో స్పీడ్‌లో ఎడమ స్లైడ్ 1 మిల్లీమీటర్, కుడి స్లైడ్ 2 మిల్లీమీటర్లు లేచాయనుకోండి. కుడి సిలిండర్‌కి దాదాపు రెట్టింపు దారి దొరికినట్టే. ఇంజిన్ కుంటుతుంది. అదే 1 మిల్లీమీటర్ తేడా ఫుల్ రేజ్‌లో ఉన్నా పెద్దగా తెలియదు. అందుకే బండి హైవే మీద బుద్ధిమంతురాలు, ట్రాఫిక్‌లో రాక్షసి.

ఇక్కడ చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని ఎయిర్ స్క్రూల మీద పడతారు. విజయవాడ ఆటోనగర్‌లో బాబాయ్ బండి చూసే పెద్దాయన మాత్రం కార్బొరేటర్ జోలికి ఆఖర్న వెళ్తాడు. ముందు ప్లగ్గులు. తర్వాత పాయింట్లు, ఈ బండికి సిలిండర్‌కో సెట్ ఉంటుంది. ఆపైన కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు. అది పగిలితే దొంగగాలి లోపలికి పోతుంది, ఎంత ట్యూనింగ్ చేసినా దండగే. చివర్లో రెండు కార్బొరేటర్లూ విప్పి జెట్లు ఒకే నంబరువా, నీడిల్ క్లిప్ రెండిట్లో ఒకే గాడిలో ఉందా అని చూస్తాడు. నలభై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు! "ముందు రెండూ సమానం చెయ్యి బాబూ, స్క్రూలు తర్వాత తిప్పుదువుగాని" అంటాడు.

సమానం చేయడానికి కావలసింది రెండు వేళ్లు. ఇంజిన్ ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ వైపు రబ్బర్లు తీసి, ఒక్కో కార్బొరేటర్‌లో ఒక్కో వేలు స్లైడ్‌కి ఆనించి పెట్టాలి. ఇంకొకరు యాక్సిలరేటర్ మెల్లగా తిప్పాలి. రెండు వేళ్లకీ కదలిక ఒకేసారి తెలియాలి. తేడా ఉంటే కార్బొరేటర్ పైనున్న కేబుల్ అడ్జస్టర్‌తో సరిచేసి లాక్ నట్ బిగించాలి. ఐడ్లింగ్ దగ్గర ఎత్తుకి సన్నటి డ్రిల్ బిట్‌ని రెండు స్లైడ్ల కిందా పెట్టి చూస్తే చాలు. ఫోర్ స్ట్రోక్ బళ్లకి వాక్యూమ్ గేజ్‌లు తగిలిస్తారు. మనకి ఆ ఖర్చు లేదు. యాప్ కనెక్ట్ చేసుకుందామంటే ఈ బండికి పోర్టే లేదు, వేలే సెన్సర్.

ఆ తర్వాతే ఎయిర్ స్క్రూ. మెత్తగా చివరిదాకా బిగించి, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పాలి, రెండిటికీ సమానంగా. లోపలికి తిప్పితే పెట్రోల్ పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పాలు పెరుగుతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి వేడెక్కాక రెండు సైలెన్సర్ల వెనకా కాస్త దూరంగా అరచేతులు పెట్టండి. దెబ్బ రెండు చేతులకీ ఒకేలా తగలాలి. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. రేజ్ పెరిగిందంటే కేబుల్ ఎక్కడో లాగుతోంది.

ఇక్కడితో అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోతారు చాలామంది. నా భయమంతా ఇక్కడే. యాక్సిలరేటర్ నుంచి వచ్చే కేబుల్ రెండుగా కాదు, మూడుగా చీలుతుంది. మూడోది ఆయిల్ పంప్‌కి పోతుంది. ఎంత యాక్సిలరేటర్‌కి ఎంత ఆయిల్ పంపాలో అదే చెబుతుంది. మీరు కార్బొరేటర్ కేబుళ్ల వదులు తీసేశారు, పంప్ కేబుల్ వదులుగానే ఉండిపోయింది. అంటే స్లైడ్లు ముందే తెరుచుకుంటాయి, పంప్ వెనకబడుతుంది. వణుకు పోయింది, బండి హుషారుగా ఉంది, సంతోషంగా హైవే ఎక్కుతారు. తక్కువ ఆయిల్‌తో పిస్టన్ వేడెక్కి సిలిండర్‌ని పట్టేస్తే వెనక చక్రం నడిరోడ్డు మీద లాక్ అవుతుంది. ఆ క్షణంలో చేతిలో ఉండేది క్లచ్ ఒక్కటే.

పంప్ పుల్లీ మీద ఒక గుర్తు, దాని పక్కన ఒక పిన్ ఉంటాయి. యాక్సిలరేటర్ ఎక్కడున్నప్పుడు అవి ఎదురెదురు రావాలో మాన్యువల్‌లో ఉంటుంది. పట్టుమని పది నిమిషాల పని. పంప్ పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసుకునేవాళ్లకి ఈ బాధ లేదు, కాకపోతే బంకుకి వెళ్లిన ప్రతిసారీ కొలిచి పోసుకోవాలి. మా బాబాయ్‌కి ఆ ఓపిక లేదు, ఆయనకి పంపే మేలు.

ఒక ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చాక, చల్లారనిచ్చి రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫోటో తీసి దాచుకోండి. కాఫీపొడి రంగు ఉంటే మంచిదే. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఒకటి గోధుమరంగు, ఇంకొకటి తెల్లగా ఉంటే మాత్రం తెల్లప్లగ్ ఉన్న సిలిండర్ సంగతి తేల్చేదాకా బండి బయటికి తీయకండి.