చెఱిపివేయుట చికిత్స యగునా?

యంత్రము చక్కగా నడచుచున్నంత కాలము దానిని గూర్చి యెవరును విచారింపరు. అది నిలిచిపోయిన నాడే మన యోర్పును, మన తొందరపాటును బయలుపడును. గడచిన పరీక్షల కాలమున మా కంప్యూటరు గదిలో జరిగిన సంగతి యిందుకు నిదర్శనము.

ఆ గదిలోని ముఖ్యమైన కంప్యూటరు ఉబుంటు లినక్సుతో నడచునది. ఒకనాటి సాయంకాలము మేము దానికి క్రొత్త కెర్నెలును చేర్చితిమి. మరునాటి యుదయమున మీట నొక్కగా నల్లని తెరపై కొన్ని యాంగ్ల పంక్తులు కనబడెను. మూలవిభాగమును జోడింపజాలనని తెలిపి యంత్రము స్తంభించెను. పదవ తరగతివారి మార్కుల పట్టికలును, పిల్లలు మూడు నెలలు శ్రమించి వ్రాసిన ప్రాజెక్టులును అందే కలవు. మఱియొక చోట నకలు లేదు. పిలిపింపబడిన మరమ్మతుదారుడు చూచిన రెండు నిమిషములకే "అంతయు చెఱిపి క్రొత్తగా నెక్కింపవలయును" అనెను. మాలో కొందఱు సరే యనిరి. మేము సమ్మతింపలేదు. కారణము తెలియకుండ చెఱిపివేయుట చికిత్స కాదని మా యభిప్రాయము.

యంత్రము మేల్కొను క్రమమును తెలిసికొందము. మీట నొక్కగనే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ యంత్రభాగములను పరీక్షించి గ్రబ్ అను చిన్న ప్రోగ్రామును పిలుచును. గ్రబ్ కెర్నెలును, దానితో ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అను నొక మూటను మెమరీలోని కెక్కించును. డిస్కును తెఱచుటకు వలయు డ్రైవర్లు సాధారణముగా నా మూటలో నుండును. మూట లేనిచో కెర్నెలు, తాళముచెవి లేక తన వాకిటనే నిలిచిన గృహస్థు వంటిది.

1991వ సంవత్సరమున హెల్సింకి నగరమందు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినదే యీ లినక్సు కెర్నెలు. ఉబుంటు క్రొత్త కెర్నెలును చేర్చునపుడు నిన్నటిదాక నడచిన దానిని వెంటనే తీసివేయదు. యంత్రము లేచునపుడు పాత బయోస్ గలవానిలో షిఫ్టు మీటను, యూఈఎఫ్‌ఐ గలవానిలో ఎస్కేప్ మీటను నొక్కిన గ్రబ్ పట్టిక కనబడును. అందు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనుదానిని తెఱచి పాత కెర్నెలును ఎన్నుకొనవచ్చును.

మేమట్లు చేయగా యంత్రము లేచెను. మొట్టమొదట పిల్లల ఫైళ్లను వేఱొక డిస్కులోనికి నకలు తీసితిమి. పిదప వెదకగా బూట్ విభాగము నిండిపోయి యుండెను. పాత కెర్నెళ్లు పేరుకొనుటచే క్రొత్త మూట తయారు కాలేదు. నడచుచున్న కెర్నెలును మాత్రము ముట్టక, ఉపయోగము లేని వానిని తొలగించి, మూటను మరల కట్టించి, గ్రబ్ పట్టికను సరిచేసితిమి. క్రొత్త కెర్నెలుతోనే యంత్రము లేచెను. స్థలము చాలదన్న హెచ్చరిక మొదటి సాయంకాలమే తెరపై వ్రాయబడి యుండెను. దానిని చదువక తెర మూసినది మేమే. తప్పు యంత్రముది గాదు, మాది.

"అట్లయిన క్రొత్త కెర్నెలు వలదు" అని కొందఱందురు. అది సరికాదు. భద్రతాలోపములను పూడ్చు సవరణలు అందే వచ్చుచుండును. భయపడి మానుట తలుపు తీసియుంచి నిద్రించుటయే. ప్రతి రోగమునకును ఇదే మందనియు మేము చెప్పము. డిస్కే చెడిన దారి వేఱు; క్రొత్త కెర్నెలునకు గ్రాఫిక్స్ డ్రైవరు సరిపడనిచో విధము వేఱు. అంతయు చెఱుపవలసిన సమయమును రావచ్చును. కాని యది కడపటి మార్గము. నకలు తీసిన తరువాతి మార్గము.

విద్యార్థులారా! తెరపై వచ్చిన మాటను తుదివఱకు చదువుడు, కాగితముపై వ్రాసికొనుడు. ఒకసారి యొక్క మార్పే చేయుడు. తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును మా మనవి: కంప్యూటరు నడుపుట మాత్రమేగాక, అది నిలిచినపుడు నిదానముగా కారణము వెదకుటయు పిల్లలకు నేర్పుదము. పాత కెర్నెలుతో యంత్రమును లేపుటను ప్రతి విద్యార్థియు నొక్కసారియైన తన చేతితో చేసి చూడవలయును.